నేల కదలినపుడు గోడ యేల పడును?

భూమికి అమరకోశమున చెప్పబడిన పేర్లలో 'అచల', 'స్థిర' అనునవి రెండు గలవు. కదలనిది, నిలుకడగలది అని వాని అర్థము. ఎనిమిదవ తరగతి పిల్లలకు నేనీ పర్యాయపదములను చెప్పుచుండగా వెనుకటి బల్లమీది బాలుడొకడు లేచి, "అట్లయిన కిల్లారిలో ఎట్లు కదలినది సార్?" అని అడిగెను. తరగతి నవ్వినది. ప్రశ్న మాత్రము నవ్వదగినది కాదు. ఆనాటి గంటలో చెప్పజాలనిదానిని ఈ సంచికయందు చెప్పుటకు పూనుకొనుచున్నాను.

కిల్లారి మన షోలాపురమునకు ఈశాన్యముగా ఇంచుమించు 80 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామము. 1993వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు నాలుగు నిమిషములున్నదనగా అచ్చట భూమి కంపించినది. అంతకు ముందటిదినము అనంత చతుర్దశి. గణపతి నిమజ్జనము ముగించుకొని జనులు బాగుగా ప్రొద్దుపోయిన పిదప ఇండ్లు చేరి గాఢనిద్రలో నుండిరి. ఆ నిద్రనుండి వేలకొలది మంది మరల లేవలేదు. మృతుల సంఖ్యను కొందరు 8,000 అనియు, కొందరు 10,000కు దగ్గరయనియు చెప్పుదురు. అప్పుడు నేను చదువుకొనుచున్న యువకుడను. మా యింట అటకమీది గిన్నెలు గలగలమనెను. మగ్గములు రాత్రిపాళి నడచుచున్నవని మా నాయనగారు నిద్రమత్తులో భ్రమపడిరి. నిమజ్జనము రాత్రి గనుక పేటలోని మగ్గములన్నియు ఆగియుండెనని ఆయనకు మరుక్షణమే తోచినది. అంతట అందరము వీధిలోనికి పరుగెత్తితిమి.

ఈ భూకంపపు పరిమాణము 6.2. ప్రపంచములో అంత పరిమాణము గల భూకంపములు ఏటేట పెక్కు సంభవించుచున్నవి. చక్కగా కట్టిన పట్టణములలో అట్టివి కొలదిమంది ప్రాణములను మాత్రమే హరించినవి. కిల్లారియందు, సాస్తూరునందు, పరిసరములనున్న పల్లెలయందు అంతటి ప్రాణనష్టమేల కలిగినది? దీనికి సమాధానము నేలలో కొంత, గోడలో చాల కలదు.

ముందు నేలను గూర్చి చెప్పెదను. దక్కను పీఠభూమి నల్లరాతితో కప్పబడినది. ఇంచుమించు ఆరున్నర కోట్ల సంవత్సరముల క్రిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి యీ రాయి యైనది. భూకంపములు హిమాలయ ప్రాంతపు బాధలనియు, ఇంత గట్టి రాతిపై నున్నవారికి వాని భయము లేదనియు చిరకాలము పెద్దలు తలచిరి. కిల్లారివద్ద తరువాత బోరు తవ్వి చూడగా ఆ నల్లరాతి మందము సుమారు 340 మీటర్లు మాత్రమే యున్నట్లు తేలినది. భూకంపమునకు మూలమైన పగులు దాని క్రిందనున్న ప్రాచీనశిలలో, కొన్ని కిలోమీటర్ల లోతున నుండును. పైనున్న రాయి దుప్పటివలె కప్పుకొనియుండును గాని క్రింది కదలికను ఆపజాలదు.

ఈ నమ్మకమునకు మొదటి దెబ్బ కిల్లారిలో తగిలినది కాదు. అంతకు 26 ఏండ్ల ముందే, 1967 డిసెంబరు 11వ తేదీన, ఇదే రాష్ట్రమున సాతారా జిల్లాలోని కోయనానగరమున తగిలినది. అదియు తెల్లవారుజామే. దాని పరిమాణము 6.3.

కోయనా మనకు పరాయి నది కాదు. అది కరాడువద్ద కృష్ణలో కలియును. ఆ కృష్ణయే విజయవాడ బ్యారేజికి వచ్చు కృష్ణ. అయితే కోయనా ఆనకట్టవద్ద నీటిని సహ్యాద్రి క్రింద సొరంగములలో పడమటికి మళ్లించి, కొండ దిగువకు దుమికించి, ఆ వేగముతో విద్యుత్తును తీసి అరేబియా సముద్రము వైపునకు విడుతురు. ఇట్లు పడమటికి పోవు నీటికి బచావత్ ట్రిబ్యునల్ ఏటికి 67.5 టి.ఎం.సి.ల హద్దు పెట్టినది. తూర్పునకు పోవలసిన నీరు పడమటికి పోవుటను గూర్చి దిగువవారికి కొరతయే. కాని అది వేరు వ్యాసము.

ఆనకట్ట ఎత్తు 103 మీటర్లు, పొడవు 800 మీటర్లకు పైన. అప్పటి జలాశయపు సామర్థ్యము సుమారు 98 టి.ఎం.సి. ఒక టి.ఎం.సి. యనగా నూరు కోట్ల ఘనపుటడుగులు. జలాశయము నిండినపుడు నేలమీద పడు బరువును లెక్కించిన ఇంచుమించు 280 కోట్ల టన్నులగును. 1962 ప్రాంతమున నీరు నింపనారంభించిన కొలదికాలమునకే ఆ పరిసరములలో చిన్నచిన్న కంపనములు మొదలైనవి. 1967 సెప్టెంబరులో ఒక మోస్తరు భూకంపము వచ్చినది. డిసెంబరులో పెద్దది వచ్చినది. జలాశయముల వలన ప్రేరేపింపబడిన భూకంపములలో ఇంతవరకు ప్రపంచమున తెలిసిన వానిలో ఇదియే పెద్దదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు.

నీటి బరువు భూమిని పగులగొట్టినదని కొందరనుకొందురు. అది పూర్తిగా నిజము కాదు. భూగర్భమున పాతపగుళ్లు ముందే యుండును. వాని రెండువైపుల శిలలును ఒకదాని నొకటి నొక్కుకొని, ఆ ఒరపిడి వలన జారక నిలిచియుండును. పైనున్న నీరు సన్నని చీలికల గుండ నెమ్మదిగా ఆ పగులులోనికి దిగి, లోపల పీడనము పెరిగినపుడు నొక్కిడి తగ్గును. జారుటకు సిద్ధముగానున్న శిల జారును. తడిసిన గచ్చుమీద కాలు జారినట్లే. కావుననే వానలు కురిసి జలాశయము నిండిన తరువాతి మాసములలో అచ్చట కంపనములు హెచ్చుచుండును. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ యీ విషయమును దశాబ్దములుగా పరిశోధించుచున్నది. ఆ సంస్థకు చెందిన హర్ష గుప్తగారి పరిశోధన ప్రపంచప్రసిద్ధమైనది. ఈ మధ్యకాలమున అచ్చట భూమిలోనికి 3 కిలోమీటర్ల లోతు వరకు బోరు దింపి, భూకంపము పుట్టుచోటునకు సమీపముననే పరికరములుంచి చూచు ప్రయత్నము కూడ మొదలైనది.

ఇక ఆనకట్ట ఎట్లు నిలిచినది? దానిని నిర్మించినవారు భూకంపమును పూర్తిగా మరువలేదు. గురుత్వ త్వరణములో 0.05 వంతు పార్శ్వబలము వచ్చునని లెక్కవేసి కట్టిరి. ఆనకట్ట లోపలి గ్యాలరీలో నున్న యంత్రము ఆ తెల్లవారుజామున వ్రాసిన గీతను చూడగా, నదికి అడ్డముగా ఆనకట్ట పొడవున 0.63 వంతు, నది పారు దిక్కున సుమారు 0.49 వంతు త్వరణము కనబడినది. అనుకొన్నదానికి రమారమి పదిరెట్లు! అయినను ఆనకట్ట కూలలేదు. ఆ గరిష్ఠబలము ఒకే దిక్కున నిలువక, క్షణములో కొద్దిభాగము మాత్రమే యుండి, మరుక్షణమున ఎదురు దిక్కునకు మారుచుండెను. కూలలేదు గాని పగిలినది. ఎత్తైన భాగములలో దిగువవైపు వాలు హఠాత్తుగా మారు మెడవంటి చోట, రెండు ముఖములపైనను అడ్డపగుళ్లు కనబడినవి.

ఆ మెడవద్దనే యేల పగిలెను? తాటిచెట్టు మొదలు కదలకున్నను తల ఊగుట మనకు తెలిసినదే. నేల ఊగినపుడు ఎత్తైన కట్టడపు పైభాగము క్రిందిభాగముకంటె అధికముగా ఊగును. పాతలెక్కలో పైనుండి క్రిందివరకు బలము ఒకే తీరున నుండునని భావించిరి. అనిల్ చోప్రా మొదలగువారు తరువాత యంత్రగణనముతో ఊగుటను క్షణక్షణము లెక్కించి చూడగా అధికమైన ఒత్తిడి సరిగా ఆ మెడవద్దనే వచ్చుచున్నదని తేలినది. పగుళ్లలో ఎపాక్సీ నింపి, ఉక్కు తీగలతో పైభాగమును క్రిందికి బిగించి, దిగువ వైపున కాంక్రీటు ఆసరాలు కట్టి ఆనకట్టను బలపరచిరి. మధ్యనున్న కలుజుభాగమును కూడ 2000 తరువాతి సంవత్సరములలో బలపరచిరి. నేటికిని ఆ ఆనకట్ట నిలిచి పనిచేయుచున్నది. ఆనాటి నుండి ఆ ప్రాంతమున 5కు మించిన పరిమాణము గల భూకంపములు ఇరువదికి పైగా వచ్చినను దానికి మరల గొప్ప హాని కలుగలేదు. ఇది మన ఇంజనీర్లు గర్వింపదగిన పని.

ఇచ్చట నాకు బాధ కలిగించు విషయమొకటి చెప్పవలెను. కోయనానగరమున చనిపోయినవారు రమారమి 180 మంది. వారిని చంపినది ఆనకట్ట కాదు. నీరు కాదు. వారివారి ఇండ్ల రాతిగోడలు చంపినవి. ఆనకట్టకు కొన్ని యేండ్లలోనే చికిత్స జరిగినది. భూకంపమునకు తట్టుకొనునట్లు ఇండ్లను కట్టు పద్ధతిని గూర్చి భారత ప్రమాణముల సంస్థ అదే 1967లో ఒక ప్రమాణమును వెలువరించినది. అంతకు ముందే, 1960లో, రూర్కీయందు ఆచార్య జయకృష్ణగారు భూకంప ఇంజనీరింగు విద్యాలయమును స్థాపించిరి. తెలియవలసినదంతయు తెలిసినది. అయినను ఆ తెలిసినది 26 సంవత్సరములలో రూర్కీ నుండి కిల్లారిలోని మేస్త్రి చేతి తాపీ వరకు రాలేదు.

దేశపు భూకంప పటము కూడ సంఘటన జరిగిన తరువాతనే మారుచు వచ్చినది. 1962 నాటి పటములో ద్వీపకల్పపు అధికభాగమునకు వేసిన అంకె సున్న. కోయనా తరువాత 1970లో ఆ సున్నను తీసివేసిరి. కిల్లారి 1993 వరకు మొదటి మండలములో, అనగా అతిస్వల్ప భయము గల మండలములో నుండెను. 2002లో మొదటి మండలమును కూడ రద్దుపరచి రెండవదానిలో కలిపిరి. ఆ సంవత్సరపు పటమున మన షోలాపురము మూడవ మండలమున చేరినది. పటమున రంగు మారినంత మాత్రమున పాతగోడ మారదు గదా!

ఇప్పుడు గోడ సంగతి. మన పేటవారికి దీనిని తెలుపుటకు మగ్గము కంటె మంచి ఉపమానము లేదు. పడుగు పోగులు ఎన్ని వేలున్నను, పేక లేనిచో అది బట్ట యగునా? చేతితో తాకగానే పోగులు విడిపోవును. కిల్లారి ప్రాంతపు ఇంటి గోడ అట్టి పేకలేని పడుగు. రెండడుగులు, కొన్నిచోట్ల అంతకు మించిన మందముతో, లోపల ఒక వరుస, బయట ఒక వరుస పెద్దరాళ్లు పేర్చి, నడుమ చిన్నరాళ్లు, మట్టి నింపుదురు. బయటినుండి చూచిన కోటగోడవలె కనబడును. రెండు వరుసలను కలిపి పట్టు నిలువురాయి, అనగా గోడ మందమంతయు అడ్డముగా పోవు పొడుగురాయి, లోపల నుండదు. నేల ఊగగానే నడుమనున్న చిన్నరాళ్లు క్రిందికి దిగి మేకువలె పనిచేయును. లోపలి వరుస ఇంటిలోనికి, బయటి వరుస వీధిలోనికి పడును.

పైకప్పు సంగతి యింకను చెడ్డది. చెక్కలు పరచి వానిపై మట్టి పోసిన మిద్దె వేసవిలో చల్లగా నుండును. కారుటను ఆపుటకు ఏటేట మరికొంత మట్టి వేయుచు పోగా, తాత నాటికి జానెడున్నది మనుమని నాటికి రెండడుగులగును. భూకంపమున వచ్చు బలము బరువును బట్టి యుండును. బస్సు చటుక్కున ఆగినపుడు చేతిలో సంచి లేనివానికంటె నెత్తిమీద మూట గలవాడు గట్టిగా ముందుకు తూలును. గోడ విడిపోగా ఆ మట్టి యంతయు నిద్రించువారిపై పడినది. రాయి తగిలి చనిపోయినవారే గాక, దుమ్ములో ఊపిరాడక పోయినవారును పెక్కురు. మిద్దె బరువును గోడలకు బదులు కొయ్య స్తంభములు మోసిన ఇండ్లు కొన్నింటిలో గోడలు పడినను కప్పు నిలిచి మనుష్యులు బ్రతికిరి. పేదవాని గడ్డి గుడిసె నిక్షేపముగా నిలిచినది. కలిగినవాని వెడల్పైన గోడయే కలిగినవానికి శత్రువైనది.

దీనికి మందు ఖరీదైనది కాదు. గోడ మందము 45 సెంటీమీటర్లకు మించరాదు. ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకు, పొడవులో ప్రతి 120 సెంటీమీటర్లకు ఒక నిలువురాయి వేయవలెను. మట్టికి బదులు సిమెంటు సున్నము వాడవలెను. తలుపుల, కిటికీల పైమట్టమున ఇల్లు చుట్టును తెగకుండ ఒక కాంక్రీటు పట్టీ పోయవలెను; ఇది పెట్టెకు వేసిన ఇనుప బద్దెవంటిది, నాలుగు గోడలను ఒక్కటిగా పట్టును. మూలలకు దగ్గరగా తలుపులు పెట్టరాదు. పాత ఇంటికైనను ఈ మందు వేయవచ్చును. గోడలో అక్కడక్కడ రాతిని జాగ్రత్తగా తీసి, ఆ రంధ్రమున కొక్కెము గల ఇనుపకడ్డీ పెట్టి కాంక్రీటుతో నింపిన అదియే నిలువురాయి యగును. గోడకు రెండువైపుల ఇనుప జాలీ పట్టీ బిగించి పూత వేయవచ్చును. మిద్దెమీది అధికపు మట్టిని తీసివేయుటకు పార తప్ప వేరు పరికరమక్కరలేదు.

కిల్లారి తరువాత ప్రపంచబ్యాంకు సహాయముతో 52 గ్రామములను క్రొత్తచోట్ల పునర్నిర్మించిరి. ఇండ్లు గట్టివే. కాని వెడల్పైన వీధులతో పట్టణపు పథకమును పల్లెకు తొడిగిరని నా యభిప్రాయము. పొలము దూరమైనది, ఇరుగుపొరుగు చెదరినది. రాయి యన్నచో జనులకు భయము పట్టినది. రాయి చెడ్డది కాదు. దానిని పేర్చిన తీరు చెడ్డది.

ఇల్లు నిలిచినంత మాత్రమున చాలదు. నీరును, దారియు నిలువవలెను. 2001 జనవరి 26న కచ్ఛ్ ప్రాంతమున వచ్చిన 7.7 పరిమాణపు భూకంపమున పలు మట్టి ఆనకట్టలు క్రింది ఇసుక నీరువలె మారుటచే కుంగి పగిలినవి. కరవు సంవత్సరమగుటచే వానిలో నీరు మిక్కిలి తక్కువగా నుండెను గనుక వరద రాలేదు. అది అదృష్టమే గాని ఇంజనీరింగు కాదు. ఒంటి గొట్టమువంటి కాంక్రీటు మొలపై నిలిపిన ఎత్తు నీటితొట్లు అనేకము మొదటివద్ద చుట్టును పగిలినవి. కచ్ఛ్‌ను సౌరాష్ట్రముతో కలుపు సూరజ్‌బారి వంతెన దెబ్బతిని రాకపోకలకు ఆటంకము కలిగినది. వంతెన కాళ్లు గట్టివైనను, వానిపై కూర్చున్న దూలములు జారకుండ అడ్డుగట్టలుండవలెను. కిల్లారికి సహాయము పోయిన ముఖ్యమార్గములలో మన షోలాపురము, ఉమర్గా, హైదరాబాదు రహదారి యొకటి. ఆనాడు దానిలో ఒక్క వంతెన కూలియున్న యెడల ఏమగునో యోచింపుడు.

అదే 2001లో, భూకంపకేంద్రమునకు 200 కిలోమీటర్లకు మించిన దూరముననున్న అహమ్మదాబాదులో కూడ బహుళ అంతస్తుల భవనములు కొన్ని కూలినవి. వానిలో పెక్కింటికి క్రిందిభాగమున బండ్లు నిలుపుటకై గోడలు లేక స్తంభములే యుండెను. ఈ మాటను మన పేటలోని పెద్దలు కొంచెము ఆగి చదువవలెనని నా ప్రార్థన. క్రింద మరమగ్గముల కొరకు గోడలు తీసివేసి ఒకే హాలు చేసి, పైన రెండంతస్తులు కాపురమునకు కట్టి, దానిపై నీళ్లతొట్టి పెట్టిన ఇండ్లు మనలో కొన్ని కలవు. సన్నని కాళ్లమీద బరువైన పెట్టె యది. మగ్గముల కంపనమునకు ఇన్నేండ్లు నిలిచినదిగదా యని కొందరందురు. మగ్గపు అదురు వేరు, నేల ఊపు వేరు. హాలు మూలలలో నాలుగు గోడలనైన నిలుపవచ్చును. క్రొత్తగా కట్టువారు స్తంభమునకు చుట్టిన ఇనుప కట్టుల కొనలను లోపలికి గట్టిగా వంచిరో లేదో కాంక్రీటు పోయకముందే తామే చూడవలెను. లంబకోణము కంటె అధికముగా, 135 అంశములు వంచవలెను. లేనిచో ఊపునకు కట్టు విప్పుకొనును.

ఊరికి చెప్పి మన యిల్లు మరచితినని యెవరును అనకుండుటకు మన పాఠశాల సంగతి వ్రాయుచున్నాను. మన పాతభాగములోని నాలుగు గదులు నల్లరాతివి. వానిపై ఒక అంతస్తు వేయవలెనని కొంతకాలము క్రిందట కమిటీలో ప్రస్తావన వచ్చినది. తక్కువ ఖరీదునకు చేసెదనని ఒక గుత్తేదారు ముందుకు వచ్చెను. స్థలము చాలక పిల్లలు వరండాలో కూర్చొనుచున్న రోజులవి. నాకును ఆశ కలిగినమాట నిజము. మన పూర్వవిద్యార్థియు, ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలలో బోధకుడును అయిన ఒకరిని పిలిచి చూపితిమి. ఆయన కిటికీ ప్రక్కన ఒక రాతిని తీయించి చేయి లోపలికి పెట్టుమని నాతో ననెను. మోచేతి వరకు పోయినది. చేతికి వచ్చినది గుప్పెడు మట్టి, రెండు కంకరరాళ్లు. ఆ గోడ ప్రక్కన నేను ఎన్నో యేండ్లు పాఠము చెప్పితిని.

కమిటీలో వాదము జరిగినది. కిల్లారి నాడే పడని గోడ ఇప్పుడు పడునా యని ఒకరనిరి. కిల్లారి ఊపు మన ఊరికి చేరుసరికి చాల తగ్గినదనియు, ఆనాటి గోడకు ఇప్పుడు వయస్సు కూడ పెరిగినదనియు నేను విన్నవించితిని. కడకు అంతస్తు ఆలోచనను విడిచి, అదే ధనముతో గోడలను బలపరచుటకు తీర్మానించిరి. ఈ వేసవిలో రెండు గదులకు కాంక్రీటు నిలువురాళ్లు, కిటికీలపై పట్టీ పూర్తియైనవి. తలుపులు బయటికి తెరచుకొనునట్లు మార్చితిమి. తక్కిన రెండు గదులు వచ్చు వేసవికి. అంతవరకు వానిలో పాతబల్లలు, క్రీడాసామగ్రి తప్ప పిల్లలుండరు. ఆరు, ఏడు తరగతులు ఉదయము, మధ్యాహ్నము పాళ్లుగా జరుగుచున్నవి. తల్లిదండ్రులకు కలుగుచున్న యిబ్బందిని నేనెరుగుదును.

మొదటి గదిలో తలుపు ప్రక్కన ఒక గజము మేర గోడకు పూత వేయకుండ విడిచితిమి. అచ్చట క్రొత్త నిలువురాయి కొన, పైన పట్టీ కడ్డీ కంటికి కనబడును. ఇల్లు కట్టుకొనదలచినవారు గాని, మేస్త్రీలు గాని ఆదివారము తప్ప ఏ దినమైనను సాయంకాలము అయిదు గంటల తరువాత వచ్చి చూడవచ్చును. చూపుటకు ఆ వెనుకటి బల్ల బాలుడు సిద్ధముగానున్నాడు. నాకంటె బాగుగా చెప్పును.